వాకీటాకీ డబ్బా మీద రాసే అంకెల గురించి తయారీ సంస్థలకు బహిరంగ లేఖ

వాకీటాకీలు తయారుచేసే, అమ్మే సంస్థల వారికి,

నమస్కారం. జనం వేలల్లో వచ్చే కార్యక్రమాల దగ్గర గేట్లు, పార్కింగ్, తప్పిపోయిన పిల్లలు, అంబులెన్స్ దారి చూసుకునే వలంటీర్లకు సెట్లు పంచి, పని అయ్యాక లెక్కపెట్టి వెనక్కి తీసుకునే బాధ్యత నాది. మీ కంపెనీల్లో చాలావాటి సెట్లు నా చేతుల మీదుగా వెళ్లాయి. వాటి మీద నాకు కోపం లేదు. ఫోన్లు చేతులెత్తేసిన రోజుల్లో మా పనిని నడిపించినవి అవే. నా గొడవంతా వాటిని పెట్టి అమ్మే డబ్బాతో. దాని మీద మీరు వేసే అంకెలతో.

ముందుగా ఆ పెద్ద అంకె సంగతి చూద్దాం. '35 మైళ్ల వరకు', అంటే దాదాపు 56 కిలోమీటర్లు. అరచేతిలో పట్టే సెట్టు, వేలెడంత యాంటెన్నా, 56 కిలోమీటర్లు. ఈ మాటను అబద్ధమని కోర్టులో నిరూపించడం కష్టమని నాకూ తెలుసు. 'వరకు' అన్న మాట మిమ్మల్ని కాపాడుతుంది. కానీ ఆ అంకె ఎక్కడ నిజమవుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి.

ఇద్దరు మనుషులు చెట్టూ పుట్టా లేని చదును మైదానంలో నిలబడ్డారనుకుందాం. సెట్లు నోటి దగ్గర, అంటే నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్నాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఆ ఎత్తు నుంచి రేడియో తరంగానికి దొరికే దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. అవతలి మనిషికీ అంతే. రెండూ కలిపితే 10. పవర్ ఎంత ఉన్నా, ఈ సెట్లు వాడే పౌనఃపున్యాల్లో (ఫ్రీక్వెన్సీల్లో) ఆ ఇద్దరి మధ్య నేల అడ్డు రాకుండా ఉండే దూరం అదే. మరి 56 రావాలంటే? ఒకరు మైదానంలోనే ఉంటే, రెండోవారు చుట్టుపక్కల నేలకన్నా 150 మీటర్ల ఎత్తయిన గుట్ట ఎక్కాలి. మధ్యలో ఇంకో గుట్ట గానీ, భవనం గానీ, దట్టమైన చెట్లు గానీ ఉండకూడదు. ఇంత చేసినా అది రేఖాగణితం ఇచ్చే అనుమతి మాత్రమే. అర వాట్, రెండు వాట్ల సెట్టులోంచి వెళ్లిన సిగ్నల్ అంత దూరంలో వినపడేంత మిగలాలన్నది వేరే సంగతి.

సెట్టు కొనేవాళ్లలో గుట్ట మీద కాపురం ఉండేవాళ్లు ఎంతమంది? ఇళ్ల మధ్య మామూలు లైసెన్స్ అక్కర్లేని సెట్టుతో కిలోమీటరో, కిలోమీటరున్నరో మాట్లాడగలిగితే బాగా పనిచేసినట్టే. కాంక్రీటు భవనాల గుంపులో కొన్ని వందల మీటర్లే. ఇది మీ ఇంజనీర్లకు నాకన్నా బాగా తెలుసు. డబ్బా డిజైన్ చేసేవాళ్లు ఒకసారి వాళ్లను పిలిచి అడిగితే సరిపోయేది.

ఈ మోజులో పడి కొనేవాళ్లు ఆ తర్వాత చూసేది వాట్లు. అర వాట్ సెట్టు చాలలేదు, అయిదు వాట్లది తీసుకుంటే పదిరెట్లు దూరం వస్తుందని లెక్క. దుకాణంలో కూడా అలాగే చెబుతారు. నేల మీద నిలబడి మాట్లాడుకునేటప్పుడు నేరుగా వచ్చే తరంగం, నేల మీద పడి లేచే తరంగం ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అందుకే దూరం రెట్టింపు కావాలంటే దాదాపు పదహారు రెట్లు పవర్ కావాలి. ఆ లెక్కన పదిరెట్లు పవర్ పెంచితే దూరం 1.8 రెట్లకు మించదు. బ్యాటరీ మాత్రం అంతకంటే చాలా త్వరగా ఖాళీ అవుతుంది. ఈ ఒక్క ముక్క డబ్బా మీద రాస్తే చాలామంది డబ్బులు మిగులుతాయి. మీ అమ్మకాలు కొంచెం తగ్గుతాయేమో, అది వేరే విషయం.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమి చుట్టూ సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. అమెచ్యూర్ రేడియో వాళ్లు, అంటే లైసెన్స్ తీసుకుని అభిరుచి కోసం రేడియో వాడేవాళ్లు, 5 వాట్ల చేతి సెట్టుకు కాస్త మంచి యాంటెన్నా తగిలించి, ఆ కేంద్రంలో ఉన్న రిపీటర్ (అందిన మాటను మళ్లీ ప్రసారం చేసే పరికరం) ద్వారా మాట్లాడుకుంటారు. అదే 5 వాట్ల సెట్టు మూడో సెల్లార్ నుంచి పైనున్న గేటుకు మాట చేరవేయలేక గరగరమంటుంది. పైకి చూస్తే అడ్డేమీ లేదు, కిందేమో మూడు శ్లాబులున్నాయి. రేంజ్ గురించి కొనేవాళ్లకు చెప్పాల్సింది ఇదే. దూరం కన్నా అడ్డు ముఖ్యం.

సెల్లార్ మాట ఊరికే అనలేదు. ఒక పెద్ద ప్రదర్శన జరిగిన చోట పార్కింగ్ కోసం కొత్త సెట్లు కొన్నారు. అమ్మినాయన డబ్బా మీది అంకె చూపించి 'మీకు కావాల్సింది అర కిలోమీటరే కదా, కళ్లు మూసుకుని తీసుకోండి' అన్నాడు. నిజమే, దూరం చూస్తే అర కిలోమీటర్ కూడా లేదు. మొదటి సెల్లార్ దాకా మాట బాగానే వచ్చింది. రెండో సెల్లార్ ర్యాంపు దిగగానే ముక్కలు ముక్కలైంది. మూడో దాంట్లో కుర్రాడు 'లోపల నిండిపోయింది, బళ్లు ఆపండి' అని అరుస్తూనే ఉన్నాడు, పైన ఎవరికీ వినపడలేదు. వెళ్లే బళ్లు వెళ్తూనే ఉన్నాయి, తిరిగి రావడానికి దారి లేదు. చివరికి ర్యాంపు మలుపులో ఒక మనిషిని నిలబెట్టి, కింది మాట పైకి, పైమాట కిందికి చెప్పించాం. అమ్మిన సంస్థకు ఫోన్ చేస్తే 'సెట్టులో లోపం లేదు సార్' అన్నారు. లోపం లేని మాట నిజమే. లోపమంతా డబ్బా మీద ఉంది.

ఎక్కడెక్కడ వాడతారో తెలుసుకుంటే ఏ అంకె వేయాలో మీకే తెలుస్తుంది. ఇప్పటి వాకీటాకీ వాడకంలో ఎక్కువ భాగం కిలోమీటర్ లోపే. హోటల్లో గది సిద్ధమైందని పైఅంతస్తు నుంచి రిసెప్షన్‌కు చెప్పాలి. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ వస్తోంది పక్కకు జరగమనాలి. షూటింగ్‌లో వీధి చివర బళ్లు ఆపినవాడికి 'వదిలెయ్' అనాలి. బడి గేటు దగ్గర ఫలానా బస్సు వచ్చిందని లోపలికి చెబితే ఆ బస్సు పిల్లలే బయటికి వస్తారు. పైపులైను పరీక్షించేటప్పుడు ఒకరు వాల్వు దగ్గర, ఇంకొకరు రెండో కొసన ఉంటారు. లారీ వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడ్డవాడి చేతిలో సెట్టుంటే అద్దాల్లోకి తొంగి చూడాల్సిన టెన్షన్ డ్రైవర్‌కు ఉండదు. కొండదారిలో నడిచే బృందంలో ముందు నడిచేవాడికొకటి, అందరికన్నా వెనక వచ్చేవాడికొకటి ఉంటే ఎవరూ మధ్యలో జారిపోరు. నాలుగు కార్లు కలిసి వెళ్తుంటే ముందు కారువాడు గుంత ఉందని చెప్పడానికి ఫోన్ తీసే వ్యవధి ఉండదు.

'ఫోన్ ఉండగా ఇదెందుకు?' అని కొత్త వలంటీర్లలో ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. ఫోన్ తీయాలి, తెరవాలి, పేరు వెతకాలి, మోగాలి, అవతల ఎత్తాలి. అప్పుడు కూడా వినేది ఒక్కడే. సెట్టులో బటన్ నొక్కి ఒకసారి చెబితే చానల్లో ఉన్న అందరికీ చేరుతుంది. ఎవరికి చెప్పామో వాళ్లే కాకుండా, చెప్పని వాళ్లు వినడంలోనే దీని అసలు లాభం ఉంది. ఒకటో గేటు దగ్గర తొక్కిడి ఎక్కువైందని వినగానే రెండో గేటువాడు ఎవరూ చెప్పకుండానే జనాన్ని తనవైపు తిప్పుకోవడం మొదలుపెడతాడు. పైగా వేలమంది ఒకేచోట చేరి అందరూ ఫోన్లు తీస్తే ఆ టవర్ మోయలేదు. కాల్ కలవదు, మెసేజ్ ఎప్పుడో వెళ్తుంది. సెట్టుకు టవర్‌తో పనిలేదు, మాట ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు నేరుగా పోతుంది.

వాకీటాకీ విలువ తెలియాలంటే క్రేన్ పని జరిగే చోట ఒక గంట నిలబడి వినాలి. ఆపరేటర్ పైన క్యాబిన్లో ఉంటాడు. దించాల్సిన దూలం గోడకు అవతల, అతనికి కనబడని చోట ఉంటుంది. అతనికి కళ్లు కింద ఉన్న సిగ్నల్ మనిషి నోరే. "దించు, దించు, దించు... రెండు మీటర్లు... దించు... మీటరు... నెమ్మది, నెమ్మది... అర మీటరు... ఆపు." మాట మధ్యలో తెగదు. వింటున్నవాళ్లకు విసుగనిపిస్తుంది గానీ ఆ విసుగులోనే భద్రత ఉంది. ఎప్పుడైతే మాట ఆగిపోయిందో, బ్యాటరీ అయిపోయిందో, సిగ్నల్ తెగిందో, ఏదైనా సరే ఆపరేటర్ చేయి వెంటనే ఆగిపోవాలి. నిశ్శబ్దానికి అర్థం 'ఆపు' అని. అమెరికాలో నిర్మాణ భద్రతా నిబంధనలు దీన్ని చట్టంగానే రాసుకున్నాయి. సిగ్నల్ తెగితే పని ఆపాలి. పని మొదలయ్యే ముందు సెట్లను అక్కడికక్కడే పరీక్షించాలి. ఆ క్రేన్‌కు ప్రత్యేకంగా చానల్ ఉండాలి. వినడానికి ఆపరేటర్ చేయి వాడే అవసరం ఉండకూడదు. ఈ పని మొత్తం ఒక భవనం ఎత్తులో జరుగుతుంది. ఆ సిగ్నల్ మనిషికి మీ 56 కిలోమీటర్లు దేనికి? మధ్యలో ఇనుప చట్రం ఉన్నా మాట తెగకుండా వస్తుందా అన్నదే అతనికి కావాలి. ఆ సంగతి డబ్బా మీద ఎక్కడా ఉండదు.

ఇంకో చిన్న విషయం. సెట్టు నడుముకు తగిలించుకుని కాలర్ మైకులో మాట్లాడితే ఒళ్లే చాలావరకు సిగ్నల్ మింగేస్తుంది. యాంటెన్నా మీద చెయ్యి వేసి పట్టుకున్నా అంతే. సెట్టును నిటారుగా నోటి దగ్గర పెట్టుకుని, కిటికీ వైపు రెండడుగులు వేస్తే వచ్చే తేడా వాట్లు పెంచినా రాదు. యాంటెన్నా బాగా పనిచేయాలంటే తరంగం పొడవులో పావు వంతు ఉండాలి; లైసెన్స్ అక్కర్లేని సెట్లు వాడే 446 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పావే దాదాపు 17 సెంటీమీటర్లు ఉంటుంది. అందంగా కనబడాలని మీరు యాంటెన్నాను వేలెడంతకు కుదించారు. లైసెన్స్ అక్కర్లేని సెట్లలో యాంటెన్నా మార్చుకునే వీలు నిబంధనల ప్రకారమే ఉండదు కాబట్టి మేం చేయగలిగిందేమీ లేదు. కనీసం ఎలా పట్టుకోవాలో ఒక బొమ్మ గీసి డబ్బా లోపల పెట్టండి.

ఇప్పుడు రేంజ్ కన్నా నాకు ఎక్కువ భయం కలిగించే అంకెకు వస్తాను. 'ప్రైవసీ కోడ్‌లు 121' అని రాస్తారు. 22 చానళ్లను 121తో గుణించి '2662 చానళ్లు' అని వేసిన డబ్బాలు కూడా చూశాం. చానళ్లు 22 మాత్రమే. ఆ కోడ్ అంటే మాటతో పాటు వెళ్లే, సెట్టు స్పీకర్‌లోకి రానివ్వని ఒక చిన్న స్వరం, లేదా ఒక డిజిటల్ గుర్తు. స్వరమైతే 67 హెర్ట్జ్ నుంచి 254 హెర్ట్జ్ దాకా ఏదో ఒకటి. నా సెట్టు ఆ స్వరం వింటేనే స్పీకర్ తెరుస్తుంది, లేకపోతే మూసే ఉంచుతుంది. అంతే దాని పని. నేను మాట్లాడింది గాలిలో బహిరంగంగానే పోతుంది. కోడ్ పెట్టుకోని ఏ సెట్టుకైనా అది శుభ్రంగా వినబడుతుంది. నా చెవులు మూసుకుంటే ఎదుటివాడికి వినపడదని అనుకోవడం ఎలా ఉంటుందో, దీన్ని 'ప్రైవసీ' అనడం అలా ఉంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. పిల్లవాడు తప్పిపోతే మేం 'నీలం నిక్కరు, తెల్ల చొక్కా, అయిదేళ్ల బాబు' అని మాత్రమే చెప్పుకుంటాం. పేరు సెట్లో చెప్పం. ఎందుకంటే ఎవడైనా ఆ పేరు విని 'ఫలానా బాబూ, అమ్మ పిలుస్తోంది రా' అంటే పిల్లవాడు నమ్మి వెళ్లిపోతాడు. ఈ జాగ్రత్త మాకు అనుభవజ్ఞులు చెబితే తెలిసింది. మీ డబ్బా చదివి కొన్న మనిషికి ఎవరు చెబుతారు? అతను కోడ్ పెట్టాను కదా అన్న ధీమాతో పిల్లవాడి పేరు, అతిథి గది నంబరు, క్యాష్ ఏ దారిన తీసుకెళ్తున్నారో, ఇంట్లో ఎవరూ లేని సంగతి అన్నీ చెప్పేస్తాడు.

రెండో చిక్కు కూడా ఉంది. కోడ్ వల్ల పక్కవాళ్ల మాట మాకు వినపడదు కాబట్టి చానల్ ఖాళీగా ఉందనుకుని బటన్ నొక్కుతాం. అక్కడ ఇంకెవరో మాట్లాడుతూనే ఉంటారు. ఇద్దరి మాటా ఒకదాని మీద ఒకటి పడుతుంది. దగ్గరగా, బలంగా ఉన్న సిగ్నల్ నెగ్గుతుంది, లేదా ఇద్దరిదీ కీచుమని పోతుంది. మాట్లాడే ముందు మానిటర్ బటన్, అంటే కోడ్‌తో పనిలేకుండా చానల్లో ఉన్నదంతా వినిపించే బటన్, నొక్కి వినాలని ఎంతమందికి తెలుసు? కొన్ని చవక సెట్లలో ఆ బటనే ఉండదు.

మూడోది మీ సంస్థల మధ్య పంచాయితీ. ఒక కంపెనీ సెట్టులో 7వ కోడ్ ఎంచుకుని, ఇంకో కంపెనీ సెట్టులో కూడా 7 ఎంచుకుంటే రెండూ కలవాలని ఎవరైనా అనుకుంటారు. మీలో కొందరు జాబితాలో ఒక స్వరం ఎక్కువ చేర్చారు, కొందరు చేర్చలేదు, అక్కడి నుంచి వరుస తప్పింది. చానల్ ఒకటే, నంబరు ఒకటే, లైటు కూడా వెలుగుతుంది, మాట మాత్రం రాదు. ఇది తెలియక సెట్టు పాడైందని తిప్పి పంపేవాళ్లను చూశాను. కోడ్ నంబరు పక్కన హెర్ట్జ్ కూడా వేయడానికి మీకు ఖర్చయ్యేది ఒక వరుస సిరా.

మొబైల్ నెట్‌వర్క్ మీద నడిచే సెట్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే మర్యాద తప్పుతానేమో. చూడటానికి అచ్చం వాకీటాకీలా ఉంటుంది. లోపల సిమ్ కార్డ్ ఉంటుంది. '5000 కిలోమీటర్ల రేంజ్', 'రేంజ్‌కు హద్దే లేదు' అని అమ్ముతున్నారు. డెలివరీ బళ్లకు, ఊళ్లు దాటి తిరిగే లారీలకు మంచి వస్తువే, కాదనను. కానీ అది పోలికలోనే వాకీటాకీ. తుపానులో టవర్ పడిపోతే, జనం ఎక్కువై నెట్‌వర్క్ స్తంభించిపోతే అది కూడా ఫోన్‌తో పాటే మూగబోతుంది. సరిగ్గా ఆ రోజు కోసమే సెట్టు కొన్న మనిషికి ఆ రోజే తెలియడం దారుణం. 'నెట్‌వర్క్ లేకపోతే పనిచేయదు' అన్న మూడు మాటలు డబ్బా ముందు వైపు, రేంజ్ రాసినంత పెద్ద అక్షరాల్లో ఉండాలి.

బ్యాటరీ సంగతి కూడా ఇలాంటిదే. '18 గంటలు' అని రాస్తారు. ఆ లెక్క వెనక మీ పరిశ్రమలో అందరికీ తెలిసిన 5-5-90 పద్ధతి ఉంది. నూటికి అయిదు పాళ్లు మాట్లాడటం, అయిదు పాళ్లు వినడం, తొంభై పాళ్లు ఊరికే ఉండటం. అంటే గంటలో మూడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు వినికిడి. రాత్రి కాపలాకు అది సరిపోతుంది. గేటు దగ్గర రద్దీ వేళ గంటలో మూడు నిమిషాలు మాత్రమే వినేవాడు ఎవడూ ఉండడు. చలి దేశాల్లో, ఎత్తయిన కొండల్లో లిథియం బ్యాటరీ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. ఆ మూడు అంకెలు డబ్బా మీద వేయండి. మిగతా లెక్క మేం వేసుకుంటాం.

సెట్టు వాడటం నేర్పే కాగితం గురించి చెప్పాలంటే చాలా ఉంది. డబ్బాలో చిన్న అక్షరాల పుస్తకం ఉంటుంది. ఏ బటన్ ఎన్ని సెకన్లు నొక్కితే ఏ మెనూ వస్తుందో అందులో ఉంటుంది. ఎలా మాట్లాడాలో మాత్రం ఒక్క పేజీ ఉండదు. సెట్టు చేతికిస్తే మాట్లాడటం అదే వస్తుందని మీ అభిప్రాయం కాబోలు. రాదు. మొదటిసారి పట్టుకున్నవాళ్లు బటన్ నొక్కుతూనే మొదలుపెడతారు, మొదటి అక్షరాలు పోతాయి. సెట్టు పంపడం మొదలుపెట్టి, అవతలి సెట్టు ఆ కోడ్‌ను గుర్తుపట్టి స్పీకర్ తెరవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. రిపీటర్ ఉంటే ఇంకాస్త. నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడాలి.

చివర్లో తొందరపడి బటన్ వదిలేయడం ఇంకా ప్రమాదం, అందులోనూ తెలుగులో మాట్లాడేవాళ్లకు. మన భాషలో 'వద్దు' వాక్యం చివర్లోనే వస్తుంది. 'బళ్లు లోపలికి పంపొద్దు' అంటూ బటన్ ముందే వదిలేస్తే అవతల వినపడేది 'బళ్లు లోపలికి పంపు...' అనే. చెప్పదలచుకున్నదానికి సరిగ్గా తిరగేసినట్టు. అందుకే మేం కొత్తవాళ్లకు మొదట నేర్పేది ఇది. సెట్లో 'వద్దు'తో ముగిసే వాక్యం వాడకండి. 'ఆపండి, బళ్లు ఆపండి' అనండి. విన్నవాడు 'ఆపుతున్నా' అని తిరిగి చెప్పాలి, ఊరికే 'ఓకే' అంటే లెక్కలోకి రాదు. ఎవరిని పిలుస్తున్నామో వాళ్ల పేరు ముందు, మన పేరు తర్వాత. 'రెండో గేటు, రెండో గేటు, ఇది పార్కింగ్.' అప్పుడు రెండో గేటువాడు తన పేరు వినగానే చెవి నిక్కిస్తాడు. తిట్టుకోవడం, జోకులు, భోజనం వచ్చిందా అన్న ఆరాలు ఏవీ చానల్లో ఉండకూడదు. ఎందుకంటే ఒకరు బటన్ నొక్కి ఉన్నంతసేపు మిగతా అందరి నోళ్లూ కట్టేసినట్టే. సెట్టు మీద కూర్చుని తెలియకుండా బటన్ నొక్కి ఉంచేసి, చానల్ మొత్తాన్ని ఆపేసేవాడు ప్రతి బృందంలోనూ ఒకడు దొరుకుతాడు. ఒకేసారి ఎంతసేపు నొక్కి ఉంచవచ్చో హద్దు పెట్టే ఏర్పాటు మీ సెట్లలో చాలావాటికి ఉంది. డబ్బాలోంచి తీసినప్పుడే అది పనిచేసేలా ఎందుకు పెట్టరు?

బటన్ల మీద నిర్లక్ష్యం ఎంత దూరం తీసుకెళ్తుందో 2001 సెప్టెంబర్ 11 చెబుతుంది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో అగ్నిమాపక సిబ్బంది చేతి సెట్ల సిగ్నల్ పైఅంతస్తులకు అందేందుకు రిపీటర్ ఉంది. 1993లో అక్కడ జరిగిన బాంబు దాడి తర్వాత ఏర్పాటు చేసింది. ఆ రోజు దాన్ని ఆన్ చేశారు. కానీ ప్రధాన హ్యాండ్‌సెట్ పనిచేయడానికి నొక్కాల్సిన రెండో బటన్ నొక్కలేదు. ఉత్తర టవర్ లాబీలో అధికారులు పరీక్షించి, పనిచేయడం లేదనుకుని దాన్ని వదిలేశారు. ఆ రోజు దాడులను విచారించిన 9/11 కమిషన్ నివేదికలో ఇది నమోదై ఉంది. వాళ్లు శిక్షణ పొందినవాళ్లు. మా వలంటీర్లు పొద్దున పదిహేను నిమిషాలు విని బయల్దేరేవాళ్లు. గ్లవ్స్ వేసుకున్న చేతికి, చెమట పట్టిన చేతికి, కంగారులో ఉన్న చేతికి అందేలా ఒక బటన్, ఒక చానల్ నాబ్, ఒక వాల్యూమ్ నాబ్ ఉంటే చాలు. ఎఫ్ఎం రేడియో, రంగుల లైట్లు, టార్చ్ అన్నీ తర్వాత చూద్దాం. టార్చ్ మాత్రం ఉంచండి, అది నిజంగా పనికొస్తుంది.

అనలాగ్, డిజిటల్ గోల కూడా డబ్బా మీద సగమే చెబుతున్నారు. డిజిటల్ సెట్టులో గరగర లేదన్నది నిజం. అయితే అనలాగ్ సెట్టులో ఆ గరగరే మాకు హెచ్చరిక. దూరమవుతున్న కొద్దీ శబ్దం పెరుగుతుంది, ఇంకాస్త ముందుకెళ్తే తెగిపోతుందని చెవికే తెలుస్తుంది, మనిషి ఆగిపోతాడు. డిజిటల్‌లో చివరి అడుగు దాకా మాట శుభ్రంగా వచ్చి, ఒక్కసారిగా ఏమీ ఉండదు. ఎవరికి ఏది పనికొస్తుందో కొనేవాళ్లు తేల్చుకుంటారు, మీరు రెండు వైపులా చెబితే చాలు.

లైసెన్స్ విషయంలో మీ మౌనం క్షమించలేనిది. లైసెన్స్ లేకుండా వాడుకునే చోటు దేశానికో తీరుగా ఉంది. యూరప్‌లో 446 మెగాహెర్ట్జ్ దగ్గర అర వాట్, భారత్‌లో కూడా 446 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్యే. అమెరికాలో 462, 467 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న 22 చానళ్లు, వాటిలో కొన్నింటికి 2 వాట్ల దాకా అనుమతి. ఒక దేశంలో కొన్న సెట్టు ఇంకో దేశంలో దిగగానే చట్టవిరుద్ధం కావచ్చు. ఇక 136 నుంచి 174, 400 నుంచి 480 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా మాట్లాడనిచ్చే చవక సెట్లను ఆట వస్తువుల పక్కనే పెట్టి అమ్ముతున్నారు. ఓడలు ఆపదలో పిలిచే 16వ చానల్, 156.8 మెగాహెర్ట్జ్, ఆ పరిధిలోనే ఉంది. చాలాచోట్ల పోలీసు, అగ్నిమాపక, అంబులెన్స్ సేవల చానళ్లు కూడా ఆ పరిధుల్లోనే. సరదాగా నాబ్ తిప్పిన కుర్రాడు ఎవరి అరుపు మీద మాట్లాడుతున్నాడో అతనికి తెలియదు. పట్టుబడితే జరిమానా అతనికి, అమ్మిన లాభం మీకు. ఏ దేశంలో, ఏ చానళ్లలో, ఏ అనుమతితో వాడొచ్చో డబ్బా మీదే ఉండాలి. లోపలి పుస్తకం చివరి పేజీలో ఉంటే చాలదు.

కాబట్టి మా అభ్యర్థన ఇది. ఆ ఒక్క పెద్ద అంకె తీసేసి, దాని చోట నాలుగు పరిస్థితులు వేయండి: ఖాళీ మైదానంలో ఎంత, ఇళ్ల మధ్య ఎంత, భవనం లోపల ఎన్ని అంతస్తులు, నేల కింద ఎన్ని సెల్లార్లు. పరీక్షించినప్పుడు సెట్టు ఎంత ఎత్తులో పట్టుకున్నారో, ఎన్ని వాట్లు వాడారో కూడా రాయండి. గుట్ట మీద నుంచి వచ్చే అంకె అంత ముద్దొస్తే దాని పక్కన గుట్ట బొమ్మ వేయండి, అభ్యంతరం లేదు. 'ప్రైవసీ' అన్న మాట తీసేయండి. 'ఇతరులు వినగలరు' అని రాయండి. మాట్లాడే పద్ధతి ఒక్క పేజీలో, వాడేవాళ్ల భాషలో, చదవగలిగే అక్షరాల్లో ఇవ్వండి.

అన్ని మోడళ్లూ ఒకేసారి మార్చమని అడగడం లేదు. ఎక్కువగా అమ్ముడుపోయేది ఒకటి తీసుకుని, దాని డబ్బాతో మొదలుపెట్టండి. అంతస్తుల పరీక్షకు చోటు కావాలంటే మా దగ్గర మూడు సెల్లార్ల భవనం ఉంది, పగలు ఖాళీగానే ఉంటుంది. సెట్లు మీరు తీసుకురండి, ర్యాంపు మలుపులో నిలబడటానికి మనుషులను మేం ఇస్తాం. మీలో ఎవరు ముందు వస్తారో తెలియజేయండి.

ఇట్లు,
సెట్లు పంచి వెనక్కి లెక్కపెట్టుకునే ఒక వలంటీర్